స్లాటు అంటే ఏమిటి?

స్లాటు అనే ఇంగ్లీషు మాటకు సన్నని సందు అని అర్థం. మనం చిల్లర దాచుకునే మట్టి ముంత మీది చీలిక స్లాటే. గుడిలో హుండీ నోరు, పోస్టు డబ్బా నోరు, సెల్‌ఫోనులో సిమ్ పెట్టే చోటు అన్నీ స్లాట్లే.

టైముకు కూడా స్లాటు ఉంటుంది. తిరుమల దర్శనం టోకెన్ మీద టైము వేసి ఇస్తారు. 2021లో కరోనా టీకాకు స్లాటు బుక్ చేసుకోమన్నారు. అంటే ఆ టైములో ఆ చోటు మనకు అని.

ఇప్పుడు స్లాట్ మిషను గురించి తెలుసుకుందాం. రైల్వే స్టేషన్లలో బరువు చూసే మిషన్లు ఉండేవి. సందులో రూపాయి వేస్తే బరువు అచ్చేసిన అట్టముక్క వచ్చేది. జూదం మిషను అట్లా కాదు. రూపాయి తీసుకుంటుంది, ఏమన్నా ఇస్తుందో లేదో తెలియదు.

1890లలో అమెరికాలో చార్లెస్ ఫే అనే మెకానిక్కు 'లిబర్టీ బెల్' అనే మిషను చేసినాడు. బిళ్ళ వేసి పిడి లాగితే మూడు చక్రాలు తిరిగి ఆగుతాయి. మూడింటిలో గంట బొమ్మ పడితే పెద్ద బహుమతి. ఇప్పటి మిషన్లలో చిప్ ఉంటుంది. మీట నొక్కగానే ఫలితం తేలిపోతుంది. చక్రాలు తిరిగేది మనకు చూపించడానికే.

లెక్క చూడండి. ఒక్కో చక్రానికి 10 బొమ్మలు, అందులో గంట ఒకటే అనుకుందాం. 10 × 10 × 10 = 1000. వెయ్యి ఆటలకు సగటున ఒక్కసారే మూడు గంటలు పడతాయి. ఆటకు రూపాయి, బహుమతి 900 అయితే, వెయ్యికి 100 రూపాయలు మిషను యజమానికే మిగులుతాయి. ఎంత ఎక్కువ ఆడితే అంత పోతుంది.

మా మామ ఒకాయన తిరునాళ్లలో పేకాట ఆడి వారం కూలి పోగొట్టుకున్నాడు. "ఇంతసేపు పోయింది గదా, ఇప్పుడు వస్తాది" అని మళ్లీ మళ్లీ పెట్టినాడంట. కానీ మిషనుకు పోయిన ఆట గుర్తుండదు. ప్రతిసారీ వెయ్యికి ఒకటే. మా ఇంట్లో ఈ లెక్క చెప్పేవాళ్లు లేరు. సెలవులకు పోయినప్పుడు నేనే చెప్తాను.

మన రాష్ట్రంలో 1974 నుంచి జూదం చట్టం ఉంది. 2020లో దాన్ని మార్చి, ఫోనులో డబ్బు పెట్టి ఆడే ఆటలను కూడా నిషేధించారు.

అక్కలారా, చెల్లెళ్లారా! ముంత సందులో వేసిన రూపాయి ముంత పగలగొడితే మనకే వస్తుంది. ఏ సందులో వేయాలో మీరే ఆలోచించండి.

మీకొక లెక్క: చక్రానికి 20 బొమ్మలుంటే మూడు గంటలు ఎన్ని ఆటలకు ఒకసారి పడతాయి? జవాబు రాసి ఈ కాగితం కింద అతికించండి.