చెవిపోటు కాదు, దవడ కీలు నొప్పి – హనుగ్రహ లక్షణములు గుర్తించు విధము

మాఘమాసమున ఆర్మూరు చుట్టుప్రక్కల ఎటు చూచినను పసుపు త్రవ్వుట, ఉడకబెట్టుట, ఆరబోయుట. ఆ తొందరలో జనులు తమ నొప్పులను ప్రక్కకు నెట్టి, పంట మార్కెట్టుకు చేరిన పిదపనే వైద్యుని వద్దకు వత్తురు. అట్లే వచ్చినది ఒక బీడీ కార్మికురాలు. "చెవుల పోటు సారూ, రెండు నెలలాయె. మందు పోసినా తక్వయితలేదు" అన్నది. చెవి చూచిన డాక్టరు లోపల దోషము లేదన్నారట. పంటిపోటేమోనని ఒక దవడపన్ను కూడ తీయించుకొన్నది. నొప్పి మాత్రము ఉన్నచోటనే ఉన్నది.

ఆమె రెండు చెవుల ముందర వ్రేళ్లు ఆనించి "నోరు మెల్లగా తెరువమ్మా" అంటిని. ఎడమవైపు వ్రేలిక్రింద టక్కుమని చప్పుడైనది. గడ్డము అటే ఒరిగినది. ఆమె కళ్లలో నీరు తిరిగినది. వ్యాధి చెవిలోను లేదు, పంటిలోను లేదు. చెవిని ఆనుకొని ముందున్న దవడ కీలులో ఉన్నది.

ఈ కీలును మన శాస్త్రము హనుసంధి అన్నది. క్రింది దవడ ఎముక కొన పుర్రెలోని గుంటలో తిరుగుచు, నోరు బాగుగా తెరచునప్పుడు ముందుకు జారును. నడుమ ఒక మెత్తని పలుచని బిళ్ల కలదు. అది చోటు తప్పినపుడు చప్పుడగును. మరీ అడ్డుపడిన నోరు తెరుచుకొనదు. దీనిని నడుపునవి చెంపలోని, కణతలోని నమలు కండరములు. అవి అలసినను, బిగిసినను ఆ నొప్పి చెవికి, పండ్లకు, కణతలకు, మెడకు ప్రాకును. రోగి చెవి చూపించుటలో ఆశ్చర్యమేమున్నది?

కనుక పాఠకులు గమనింపవలసినది నొప్పి ఉన్న చోటును కాదు, అది పెరుగు సమయమును. నమలునపుడు, ఆవులించునపుడు, ఎక్కువసేపు మాటలాడినపుడు పెరిగిన దవడను అనుమానింపుడు. తెల్లవారి లేచునప్పటికే దవడలు బిగిసి కణతలు నొచ్చిన, నిద్రలో పండ్లు కొరుకు అలవాటు ఉన్నదేమో ఇంటివారిని అడుగుడు. సాయంకాలమునకు పెరిగిన, పగలు పనిలో తెలియకుండ పండ్లు బిగించుచున్నారన్నమాట. మీ చేతి నడిమి మూడు వ్రేళ్లు నిలువుగా ముందు పండ్ల నడుమ పట్టవలెను. రెండే పట్టిన నోరు తెరుచుకొనుట తగ్గినదని అర్థము. నొప్పి లేని చప్పుడు అనేకులకుండును, దానికి చికిత్సతో పని లేదు.

వాగ్భటుడు అష్టాంగహృదయ నిదానస్థానములో దీనికి మూడు కారణములు చెప్పినాడు: నాలుకను అతిగా గీకుట, ఎండు పదార్థములు నమలుట, దెబ్బ తగులుట. నోరు తెరచినది తెరచినట్లే, లేదా మూసినది మూసినట్లే నిలిచిపోవునన్నాడు. తెరచి నిలిచినదానికి చరకుడు చెప్పిన ఉపాయము, చెమట పట్టించి బొటనవ్రేళ్లతో లోపల అదిమి చూపుడువ్రేళ్లతో గడ్డమును పైకెత్తుట, నేటి దంతవైద్యులు చేయు పనికి మిక్కిలి దగ్గరగా ఉన్నది. అయితే అది చేయి తిరిగినవారి పని. ఇంటివారు ప్రయత్నింపరాదు.

ఇక నా పొరపాటు చెప్పెదను. పదిహేనేండ్ల క్రిందట ఒక హమాలీ నోరు తెరుచుకొనుట లేదని వచ్చినాడు. హనుగ్రహమని తలచి మూడు నెలలు తైలము రాయించితిని. కారము తిన్న నోరు మండుచున్నదని అతడు మొదటినాడే చెప్పినాడు, నేను చెవిన పెట్టలేదు. చివరకు దీపము పెట్టి బుగ్గలోపల చూచిన, పాలిపోయి తాళ్లవలె గట్టిపడి ఉన్నది. గుట్కాలోని వక్క చేసిన పని అది. అక్కడ కీలు తప్పేమియు లేదు. ఆ గట్టిపడుట కొందరిలో కాన్సరుగా మారును. నాటినుండి బుగ్గలోపల చూడక తైలము మాట ఎత్తను.

గాయమైన కొన్ని దినములకు దవడ బిగిసి, మ్రింగుట కష్టమై, మెడ కొయ్యబారిన అది ధనుర్వాతము కావచ్చును. గడియ కూడ ఆలస్యము చేయక పెద్దాసుపత్రికి పోవలెను. గడ్డపార తగిలిన కాలికి పసుపు అద్దితిమి గదా అని మా రైతులు ధీమాపడుదురు. పసుపునకు ఆ శక్తి లేదు, టీకా తప్పదు. నడచినపుడు దవడ లాగి, చెమటపట్టి, రొమ్ము బరువెక్కిన గుండెను చూపించుకొనవలెను. కూర్చున్నచోటనే అట్లైనను జాగు చేయరాదు. ఏబది దాటినవారికి నమలగా దవడ నొచ్చి, ఆపగా తగ్గుచు, కణత ముట్టుకొననీయకున్న, చూపు పోవు ప్రమాదము కలదు. ఆనాడే వైద్యుని కలియుడు.

ఇవేవియు కానపుడు తొందరపడి పన్ను తీయించుట, పండ్లు అరగదీయించుట వలదు. కొన్ని వారములు మెత్తని అన్నము, జావ తినుడు. సకినాలు, మక్కపేలాలు, చెరకుగడ మానుడు. ఆవులించునపుడు గడ్డము క్రింద చేయి ఆనించుడు. గోరువెచ్చని నువ్వులనూనె చెంపకు, కణతకు మెల్లగా రాచి, వేడినీట పిండిన గుడ్డతో పది నిమిషములు కాపుడు. పెదవులు కలిసినను పండ్లు కలియకుండ ఉంచుకొనుట అన్నిటికంటె ముఖ్యము. మూడు వారములకు తగ్గకున్న, నోరు పట్టివేసిన దంతవైద్యునకు చూపవలెను.

ఆ బీడీ కార్మికురాలు ఒడిలోని చాట మీదికి వంగి, పండ్లు బిగబట్టి ప్రొద్దంతయు చుట్టెడిది. చాటను పీటమీద ఎత్తుగా పెట్టించి, ప్రతి కట్టకు ఒకమారు దవడ వదులు చేయుమంటిని. ఆరు వారములకు వచ్చి "నొప్పి పోయింది సారూ, టక్కుటక్కు పోలె" అన్నది. అది ఉండనీయమని చెప్పి పంపితిని.