దిండు మీంచి తల ఎత్తండి

నర్సు అంటే డాక్టరు రాసిన సూది వేసి పోయే మనిషి అని మనలో చాలామంది అభిప్రాయం. నాదీ అదే. మా బాబాయిని పెద్దాసుపత్రిలో చేర్చి, పన్నెండు రోజులు మంచం పక్కన కూర్చున్నాక మార్చుకోక తప్పలేదు.

పత్తికి మందు కొట్టి, తడిసిన చొక్కాతోనే మధ్యాహ్నం దాకా చేలో తిరిగాడాయన. సాయంత్రానికి వాంతులు, చెమటలు, నోటి నిండా చొంగ, ఆయాసం. కంటిపాపలు ఆవగింజంత అయిపోయాయి.

ఇందులో రసాయనశాస్త్రం ఉంది. ఆర్గానోఫాస్ఫేట్ మందులు మన ఒంట్లోని ఎసిటైల్ కోలిన్ ఎస్టరేజ్ అనే ఎంజైమును పని చెయ్యనివ్వవు. నరాల చివర ఎసిటైల్ కోలిన్ పేరుకుపోతుంది. పురుగుకైనా మనిషికైనా ఒకటే లెక్క. విరుగుడు అట్రోపిన్. అయితే అందరికీ ఇంత అని మోతాదు ఉండదు. ఛాతీలో గురగుర పోవాలి, చంకలు ఆరాలి, నాడి నిమిషానికి 80 దాటాలి, రక్తపోటు పై అంకె 80కి తగ్గకూడదు. ఐదేసి నిమిషాలకోసారి చూసి, చాలకపోతే మోతాదు రెట్టింపు చేస్తారు. ఎక్కువైతే అదీ ముప్పే. జ్వరం, పలవరింతలు, పక్కబట్టలు పీకడం, మూత్రం బిగుసుకోవడం. డాక్టరు గారు హద్దు రాసి వెళతారు. హద్దు చేరామా, దాటామా అని రాత్రంతా కనిపెట్టేది నర్సే.

సిస్టరు గారు మాటిమాటికీ బాబాయి చంకలో చెయ్యి పెడుతుంటే జ్వరం చూస్తోందనుకున్నాను. ఆవిడ తడి చూస్తోంది, మా నాన్న పిడికిట మన్ను పట్టి పదును చూసినట్టు.

మూడోరోజుకి బాబాయి తేరుకున్నాడు. ఇడ్లీ తిన్నాడు, మాట్లాడాడు. ఇంటికి పోదామని మేం మూటలు కట్టుకుంటున్నాం. అప్పుడావిడ వచ్చి, "పెద్దాయనా, దిండు మీంచి తల ఎత్తండి చూద్దాం" అంది. బెత్తెడు కూడా లేపలేకపోయాడు. నీరసమండీ అన్నాం. ఆవిడ వినలేదు. డాక్టరు గారికి కబురు పంపి, మంచాన్ని తన బల్ల పక్కకి లాగించింది. చీకటి పడేసరికి బాబాయికి ఊపిరి అందలేదు. శ్వాస మిషను మీద పెట్టారు. మేం బస్సెక్కి ఉంటే?

ఈ స్థితిని 1987లో శ్రీలంక వైద్యులు వర్ణించి 'ఇంటర్మీడియట్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. విషం తగిలిన 24 నుంచి 96 గంటల మధ్య వస్తుంది. మెడ కండరాలు సడలతాయి, ఆపైన ఊపిరి తీసే కండరాలు. అట్రోపిన్ ఈ కండరాల మీద పని చెయ్యదు గనుక, చెమటా చొంగా తగ్గినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు.

అమెరికాలో ప్యాట్రీషియా బెన్నర్ అనే నర్సు 1984లో 'ఫ్రమ్ నోవిస్ టు ఎక్స్‌పర్ట్' అనే పుస్తకం రాశారు. కొత్త నర్సు నియమం చూసి నడుస్తుందట. చెయ్యి తిరిగిన నర్సు రోగి మొత్తాన్ని ఒక్క చూపులో పట్టుకుంటుందట. చదివినప్పుడు ఇదేదో గారడీ మాటలా తోచింది నాకు. కానీ మీకెలా తెలిసిందని సిస్టరు గారిని అడిగితే చెప్పింది: "నిన్న నీళ్లు తనే తల ఎత్తి తాగాడు. పొద్దున మీ పిన్ని తల పట్టుకుని తాగించింది."

గ్లాసు పట్టుకున్నది నేనే.

మీ ఊళ్లో ఎవరికైనా మందు తగిలితే, తేరుకున్నట్టు కనిపించినా నాలుగు రోజులు దాటేదాకా ఇంటికి తేకండి. మధ్యమధ్య తల ఎత్తమనండి.