వినోదపు వేట – పంటకు చేటు

మందస మొదలు సాలూరు వరకు తూర్పు కనుమల అంచున చేను గలవారికి అడవిపంది బెడద క్రొత్త కాదు. ఒక్క రాత్రి మంద దిగినచో మొక్కజొన్న నేలమట్టమగును. వేరుశనగ కాయ మట్టిలో మిగలదు. “చేతికి తుపాకి ఇచ్చిన చాలును” అని అప్పుడు తోచుట సహజమే. కాని వేట సరదా పంటను కాపాడిన దాఖలాలు తక్కువ; చేటు తెచ్చినవే ఎక్కువ.

న్యూజీలాండు దేశమున గబ్బిలములు తప్ప స్వదేశపు పాలిచ్చు జంతువులు నేలపై లేవు. వేట వినోదమునకై 1851లో అచ్చటికి ఎర్రజింకలను తెచ్చి విడిచిరి. తిను మృగము లేనందున అవి కొండలన్నిట వ్యాపించి అడవిని, పచ్చికను మేసివేసినవి. తుదకు 1930 దశకములో ప్రభుత్వమే జీతగాండ్రను పెట్టి వానిని చంపించవలసి వచ్చెను. మన అండమాన్ దీవులలో తెల్లదొరలు విడిచిన చుక్కల దుప్పులు నేటికిని లేత మొక్కలను మేసి అడవిని ఎదుగనీయకున్నవి.

మన ప్రాంతమున జరిగినది దీనికి తలక్రిందులు. ఇచ్చట పంది పుట్టుకతో ఉన్నదే. దానిని అదుపున ఉంచు పులి పోయినది. విజయనగర రాజవంశీయుడు, క్రికెట్ ఆటగాడు విజ్జీ (1905–1965) మూడువందలకు పైగా పులులను కాల్చినట్లు ప్రసిద్ధి. ఆ కాలపు షికార్ల వలనను, అడవులు తరుగుట వలనను మన కొండలలో పులి అరుదయినది.

ఇక చేయవలసినదేమి? రబీ వేరుశనగ చుట్టు నాలుగు వరుసలు కుసుమ, మొక్కజొన్న చుట్టు ఒత్తుగా నాలుగు వరుసలు ఆముదము వేయుడు. కుసుమ ముళ్ళు పందిని వెనుకకు త్రిప్పును. ఆముదము దానికి రుచింపదు. కోతకు ముందు వారములలో ఇరుగుపొరుగు చేల వారు కలిసి వంతులవారీగా మంచె కాయుడు.

కంచెకు కరెంటు ఎన్నడును పెట్టరాదు. ఆ తీగ పందిని, పశువును, తెల్లవారుజామున నీరు కట్టవచ్చు మనిషిని వేరుచేసి చూడదు.

1972 వన్యప్రాణి చట్టము ప్రకారము తుపాకి లైసెన్సు ఉన్నను వేటాడుట నేరము. పంటకు ముప్పయినచో అటవీశాఖ అధికారము గల అధికారి వ్రాతపూర్వకముగా ఉత్తరువిచ్చిననే పందిని చంపవచ్చును. అట్లు చంపినదియు ప్రభుత్వపు సొత్తే.

కావున నష్టము జరిగిన వెంటనే గ్రామాధికారికి, అటవీ సిబ్బందికి తెలుపుడు. గ్రామాధికారులును ఆలస్యము చేయక చేనికి పోయి, సర్వే నంబరు, పంట, పాడయిన విస్తీర్ణము వ్రాసి పంపవలెను. ఆ కాగితము సకాలములో కదలినచో రైతు తీగ వైపు చూడడు.