స్వహస్తనిర్మిత విమానమునకు చక్రములు

సైకిలు చక్రము సైకిలు కొఱకు పుట్టినది కాదు. సైకిలను వాహనమే లోకమున లేని 1808వ సంవత్సరమున, ఇంగ్లండులోని యార్కుషైరు మండలమందలి బ్రాంప్టను గ్రామవాసియగు సర్ జార్జి కేలీ, మనుష్యుని మోసికొని గాలిలో తేలగల యంత్రమును గూర్చి యోచించుచు, అట్టి యంత్రము నేలమీద పరుగిడుటకు కావలసిన చక్రము సాధ్యమైనంత తేలికగా నుండవలెనని తలచి, కొయ్య ఆకులకు మాఱుగా బిగువుగా లాగి కట్టిన త్రాళ్లతో నాభిని చక్రపు అంచునకు బంధించు ఉపాయమును తన పుస్తకమున వ్రాసికొనెను. ఎడ్లబండి చక్రమున భారము ఇరుసు క్రిందనున్న ఆకులమీద నిలుచును. నొక్కుడునకు లోనగు కొయ్య వంగక, చీలక నిలువవలెనన్న లావుగా నుండక తప్పదు. కేలీ యూహించిన చక్రమున బంధములన్నియు ముందుగనే బిగింపబడి యుండుటచే, భారము పడినపుడు క్రిందివాని బిగువు కొంత సడలునే గాని వానిపై నొక్కుడు పడదు. లాగబడు తీగకు వంగునను భయము లేదు గనుక అది సన్ననిదైనను చాలును.

ఈ చక్రము తన జన్మకు కారణమైన విమానమును చేరుటకు ఇంచుమించు ఒక శతాబ్దము పట్టెను. నడుమ అది సైకిలు నిర్మాతల చేతబడి, 1870 మొదలు జేమ్స్ స్టార్లీ వంటి నేర్పరుల కార్ఖానాలలో ఉక్కుతీగలతో రూపుదిద్దుకొని, 1888లో జాన్ బాయిడ్ డన్లప్ సమకూర్చిన గాలిటైరును ధరించెను. బ్రెజిలు దేశమున పుట్టి పారిసునందు వసించిన ఆల్బెర్టో సాంటోస్ డ్యూమాంట్, 1907 మొదలు 1909 వఱకు వెదురుబొంగులతో నిర్మించుచు దిద్దుచు వచ్చిన ‘దెమ్వాజెల్’ అను చిట్టి విమానమునకు ఈ సైకిలు చక్రములనే అమర్చెను. దాని నిర్మాణక్రమమును పేటెంటు చేయక ఎల్లవారికి వదలిపెట్టెను గనుక, ఇంటి పెరటిలో స్వయముగా విమానము కట్టుకొనువారికెల్ల ఆ మహాశయుడే ఆదిగురువని నేను విశ్వసింతును.

ఇందుకు భిన్నముగా, వృత్తిచే సైకిళ్ల వ్యాపారులైన రైటు సోదరులు 1903 డిసెంబరు 17న ఎగురవేసిన విమానమునకు చక్రములే లేవు. కిట్టీహాక్ సమీపమున నేలయంతయు ఇసుక. ఇసుకలో సన్నని చక్రము క్రుంగునే గాని దొర్లదు. కావున వారు ఒంటిపట్టామీద జరుగు చిన్న బండిపై విమానమును నిలిపి గాలిలోనికి లేపి, దిగునపుడు కొయ్యజారుళ్లపై దిగిరి. ఆ బండికి మాత్రము సైకిలు నాభులను మార్చి వాడుకొనిరి. చక్రమును గూర్చి వారికంటె ఎక్కువ తెలిసినవారు ఆనాడు విమాననిర్మాతలలో నుండిరని చెప్పజాలము; ఐనను వారు మొదట నేలను చూచి, పిదప చక్రమును వలదనిరి. ఇంట విమానము కట్టుకొను నేటి నిర్మాత ఈ క్రమమును తలక్రిందులు చేసి, తేలికగా, చౌకగా దొరకిన చక్రమును ముందు కొని, తరువాత అది దొర్లదగిన నేలను వెదకుటయే నన్ను కలవరపెట్టుచున్నది.

అతిలఘు విమానమునకు తొలి చక్రములు మానవుని కాళ్లే. 1975లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున జాన్ మూడీ అనునతడు హాంగ్ గ్లైడరునకు చిన్న ఇంజను కట్టి, తన కాళ్లతో పరుగెత్తి గాలిలోనికి లేచెను. కాని ఇంజను పెరిగినకొలది, కూర్చుండు పీట, ఇంధనపు తొట్టి చేరినకొలది ఆ భారమును భుజాన వేసికొని పరుగెత్తుట దుస్సాధ్యమయ్యెను, చక్రములు వచ్చెను. 1982లో ఆ దేశపు విమానయానశాఖ చేసిన 103వ నిబంధనావళి ప్రకారము, ఇంజనుగల అతిలఘు విమానమున ఒక్కరే కూర్చుండవలెను. ఖాళీ బరువు 254 పౌనులకు, అనగా సుమారు 115 కిలోగ్రాములకు లోబడియుండవలెను. ఇంజను ఆపినపుడు రెక్కలు పట్టుదప్పు వేగము 24 నాట్లను మించరాదు. ఇంజను, రెక్కలు, తోక, పీట అన్నియు 115 కిలోలలోనే ఇముడవలసినపుడు, గాలిలో నున్నంతసేపు ఏ పనియు చేయక వ్రేలాడు చక్రమునకు నిర్మాత ఎన్ని గ్రాములు మంజూరు చేయగలడు? అందువలననే అతడు సైకిలు దుకాణమునకో, తోటపని బండ్ల దుకాణమునకో, గో కార్టుల దుకాణమునకో పోవును.

ఈ మూడింటిలో ప్రతిదానికిని ఒక సుగుణము, ఒక ప్రాణాంతక దోషము కలవు. సైకిలు చక్రము పెద్దది, తేలికైనది. ఐనను సైకిలు మలుపు తిరుగునపుడు ఒరగును గనుక, భారము ఎల్లపుడును చక్రపు తలముననే పడును. పార్శ్వబలము దానికి దాదాపు తెలియదు. విమానము అట్లు ఒరగలేదు. అడ్డగాలిలో కొంచెము ప్రక్కకు జరుగుచు నేలను తాకెనా, ఆ బలమంతయు చక్రమునకు అడ్డముగా తగులును. ఇరుకైన నాభినుండి పోవు చువ్వలు ఇంచుమించు ఒకే తలమున నుండుటచే దానిని నిలువరింపజాలవు, చక్రము ముడుచుకొనిపోవును. నాభిని వెడల్పు చేసి, చువ్వలను లావు చేసినచో ఈ దోషము చాలవఱకు తీరును. ప్రాచీన విమానములు అట్టి చక్రములతోనే తిరిగినవి. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ నిర్మించిన తొలి గో కార్టు వంశమునకు చెందిన బండ్లకు అమర్చు చిన్న పోతచక్రము ఇందుకు విపరీతమైనది. పందెమున మలుపు మలుపునకు పార్శ్వబలమును భరించుటయే దాని జీవితము. ఆ విషయమున దానిని నిస్సంశయముగా నమ్మవచ్చును. కాని అది నున్నని బాటకు పుట్టినది. అడుగున గట్టిదై, 26 సెంటీమీటర్ల వ్యాసముగల చక్రమునకు 5 సెంటీమీటర్ల ఎత్తు మెట్టు ఎదురైనచో, దానిని ఎక్కుటకు ఇరుసువద్ద చక్రముపైనున్న బరువునకు ఒకటింబావు రెట్ల కంటె కొంచెమెక్కువ బలముతో ముందునకు లాగవలెను. వ్యాసము 50 సెంటీమీటర్లైనచో ఆ బరువులో ముప్పాతిక చాలును. పచ్చికలో మఱుగుపడిన ఎలుకబొక్క ముందుచక్రమును పట్టి, దాని కాలును వెనుకకు విఱుచుటకు ఈ లెక్కయే కారణము. ఇక తోటబండి చక్రమున టైరు లావైనదే గాని, నాభిలో బేరింగునకు మాఱు ఒట్టి గొట్టమే యుండుట తఱచు. మనిషి నడకకు అది నిమిషమునకు ఎనుబది మార్లు తిరుగునేమో. 33 సెంటీమీటర్ల చక్రము గంటకు 60 కిలోమీటర్ల వేగమున నేలను తాకినపుడు నిమిషమునకు 960 మార్లు తిరుగవలెను, అదియు నిశ్చలముగా నున్నది ఒక్క క్షణములో.

టైరు విషయమున నిర్మాతలు చాలినంత శ్రద్ధ చూపరని నా అభిప్రాయము. అతిలఘు విమానములలో పెక్కింటికి వేఱు స్ప్రింగులుండవు. కాలి గొట్టము వంగుట కొంత, టైరు నలుగుట కొంత, ఈ రెండే దెబ్బను మ్రింగవలెను. సెకనునకు 2 మీటర్ల చొప్పున క్రిందికి దిగుచు నేలను తాకుట, 20 సెంటీమీటర్ల ఎత్తునుండి విడిచిపెట్టుటతో సమానము. ఆ క్షణమున రెక్కలు బరువును మోయుచున్నను, టైరును కాలును కలసి 5 సెంటీమీటర్లు లొంగినచో నేల ఇచ్చు దెబ్బ సగటున విమానపు బరువునకు నాలుగు రెట్లు. సన్నని టైరును గట్టిగా గాలికొట్టి 2 సెంటీమీటర్లే లొంగనిచ్చినచో పది రెట్లు. ఆ తేడా చోదకుని వెన్నెముకకు తెలియును. టైరులోని గాలిపీడనము నేలకును సంబంధించినదే: చోదకునితో, ఇంధనముతో కలసి 210 కిలోలున్న విమానపు భారమును రెండు చక్రములు పంచుకొన్నచో, చదరపు సెంటీమీటరునకు ఒక కిలో పీడనమున ఒక్కొక్క టైరు సుమారు 105 చదరపు సెంటీమీటర్ల మేర నేలనంటును, పీడనమును సగము చేసినచో ఆ మేర రెట్టింపగును, మెత్తని నేల క్రుంగదు. ఈ సత్యమును గ్రహించియే 1930 ప్రాంతమున గుడ్‌ఇయర్ సంస్థ, ఆల్విన్ మసెల్‌మన్ కల్పనను అనుసరించి, చిన్న నాభిమీద ఉబ్బిన టైరును తక్కువ పీడనముతో తొడిగిన ‘ఎయిర్‌వీల్’ను తెచ్చెను. పైపర్ కబ్ విమానమునకు 4 అంగుళముల అంచుపై 8 అంగుళముల లావుగల టైరు అట్లు వచ్చినదే. పచ్చికబయళ్ల విమానమని దానికి వచ్చిన కీర్తిలో ఆ టైర్లకు గొప్ప భాగము కలదు. పచ్చికమీదనో, దున్ని చదునుచేసిన చేనిలోనో దిగదలచినవాడు రెండు కిలోల బరువు పెరిగినను 6 అంగుళముల అంచుపై లావైన టైరునే కోరవలెనని, తారుబాట తప్ప వేఱు నేల నెఱుగనివాడు కార్టు చక్రముతో తృప్తిపడవచ్చునని నేను నిస్సంకోచముగా చెప్పుదును. ఒక్కటి మఱువరాదు: రబ్బరు తాను మ్రింగిన శక్తిలో అధికభాగమును తిరిగి ఇచ్చును. మిక్కిలి లావైన టైరు విమానమును బంతివలె ఎగురవేయుటయు కలదు.

చిన్న చక్రములలో అంచు రెండు చిప్పలుగా నుండును. టైరులో ట్యూబు నుంచి, నలిగి మడత పడకుండ కొంచెము గాలి నింపి, లోపల టాల్కు పొడి చల్లి, వాల్వును రంధ్రమునకు సూటిగా నిలిపి, చిప్పలను రెండువైపులనుండి చేర్చి బోల్టులు బిగింపవలెను. ట్యూబు అంచు చిప్పల నడుమ చిక్కెనేమో వ్రేలితో తడవి చూడవలెను. విప్పునపుడు గాలి పూర్తిగా తీసిన పిదపనే బోల్టును తాకవలెను. లేనిచో లోపలి పీడనము చిప్పను ముఖముమీదికి విసరును.

బ్రేకులు ఈ విమానములకు పెద్ద సమస్య కావు. వేగము తక్కువ గనుక ఆపవలసిన శక్తియు తక్కువ. ఐతే తక్కువ పీడనముగల టైరునకు అంచుమీద పట్టు తక్కువ. బ్రేకు గట్టిగా పట్టినపుడు అంచు ఆగి టైరు ముందునకు జరుగును. దానితో ట్యూబును జరుగును. అంచు రంధ్రమున చిక్కిన వాల్వు మాత్రము కదలలేక మొదలువద్ద చినుగును. అందుకే అంచునుండి టైరు ప్రక్కమీదికి ఎఱ్ఱరంగుతో ఒక గీత గీసి, ఎగురుటకు ముందు ప్రతిసారి దానిని చూచు ఆచారము కలదు. గీత తెగి, టైరుమీది ముక్క ప్రక్కకు జరిగి కనబడినచో, గాలి నిలిచియున్నదను ధైర్యముతో ఎగురక, చక్రమును విప్పి, వాల్వు మొదలును పరిశీలించి, ట్యూబును మరల సూటిగా అమర్చి, క్రొత్త గీత గీయవలెను.