ఆటోమేటిక్ చేతి గడియారంలో గరగర శబ్దం: కారణాలు, నివారణ

గడియారం చప్పుడు చేయుట సహజం. అయితే ఏ చప్పుడు సహజమో, ఏది జబ్బుకు సూచనో అందరికీ తెలియదు. ఆ భేదం తెలియక మేము మా తండ్రిగారి జ్ఞాపకంగా మిగిలిన ఒక ఆటోమేటిక్ చేతి గడియారాన్ని దాదాపు పోగొట్టుకొన్నాము. అటువంటి నష్టం మా పాఠకులకు కలుగరాదన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మామూలు గడియారానికి ప్రతిదినం కీ ఇచ్చి లోపలి స్ప్రింగును చుట్టవలసి ఉంటుంది. ఆటోమేటిక్ గడియారంలో ఆ పనిని 'రోటరు' నిర్వహిస్తుంది. ఇది అర్ధచంద్రాకారం గల ఒక లోహపు పలక. దీని బరువంతా అంచున ఉంటుంది. చెయ్యి కదిలినప్పుడు భూమ్యాకర్షణ వలన ఆ బరువు ఎల్లప్పుడూ క్రిందికి రాజూస్తూ ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ఆ భ్రమణం చిన్న పళ్ళచక్రాల ద్వారా స్ప్రింగును కొంచెం కొంచెంగా చుట్టుతుంది.

ఈ ఏర్పాటుకు పుట్టుకనుండి చప్పుడు తప్పలేదు. ఇంగ్లండు దేశీయుడైన జాన్ హార్వుడ్ 1924లో స్విట్జర్లాండులో పేటెంటు పొందిన గడియారంలో బరువు పూర్తిగా తిరుగక, ఇరువైపులా ఉన్న చిన్న స్ప్రింగులకు కొట్టుకొని వెనుకకు మరలేది. ఆ తాకిడి ధరించినవారి మణికట్టుకు తెలిసేది. 1931లో రోలెక్స్ సంస్థ పూర్తి వలయంగా తిరిగే రోటరును ప్రవేశపెట్టినది. 1948లో ఎటెర్నా సంస్థ రోటరు ఇరుసు వద్ద అయిదు చిన్న గుండ్లు గల బాల్ బేరింగును అమర్చినది. నేటి రోటర్లలో అత్యధికం ఇట్టి బేరింగుపైననే తిరుగుతున్నవి.

ఇక సహజ శబ్దం విషయం. కొన్ని యంత్రాలలో రోటరు ఏ దిశగా తిరిగినా స్ప్రింగు చుట్టుకొంటుంది. సీకో వారి 7ఎస్26 ఈ తరగతికి చెందినది. మరికొన్నింటిలో ఒక దిశలో మాత్రమే చుట్టుకొని, రెండవ దిశలో రోటరు ఏ భారమూ లేక స్వేచ్ఛగా తిరుగుతుంది. మియోటా 8215, వాల్జూ 7750 ఇందుకు ఉదాహరణలు. భారం లేనందున వేగం పెరిగి 'జుర్రు'మనే ధ్వని వినిపిస్తుంది. తబలా చర్మం వలె పలుచని వెనుక మూత దానిని పెద్దది చేస్తుంది. ఇది జబ్బు కాదు; దీనికి చికిత్స కూడ లేదు.

అయితే జబ్బును గుర్తించుట ఎట్లు? గడియారాన్ని బల్లపై కదలకుండ ఉంచండి. అప్పుడు వినిపించే టిక్ టిక్ శబ్దం రోటరుది కాదు. పిమ్మట చెవి వద్ద ఉంచుకొని మెల్లగా అటూ ఇటూ త్రిప్పండి. ఒక దిశలో మాత్రమే మృదువైన జుర్రు ధ్వని ఉన్న యెడల అది సాధారణంగా సహజమే. రెండు దిశలలోనూ గరగరమని గీసినట్లు వినిపిస్తే రోటరు ఎక్కడో రాసుకొంటున్నదని అనుమానింపవలెను. మెల్లగా ఊపినప్పుడు 'టక్'మని కొట్టుకొంటే, యంత్రమే డబ్బీలో వదులై ఉండవచ్చును. కీ ఇచ్చునప్పుడు రోటరు కూడ గిరగిర తిరుగుతూ ఉంటే, దిశను మార్చే చక్రాలలో మురికి చేరియో, నూనె ఎండిపోయియో ఉన్నదని గ్రహించవలెను.

మా గడియారం రెండవ రకపు బాధతో ఉండినది. పరీక్ష హాలులో పర్యవేక్షణకు నిలిచినపుడు మేము చెయ్యి ఎత్తితే ముందు వరుస విద్యార్థులు తలలెత్తి చూచేవారు. దగ్గరలోని ఒక దుకాణానికి ఇచ్చినాము. వారు మూత తీసి రోటరు చుట్టూ నూనె వేసి, పది నిమిషాలలో తిరిగి ఇచ్చినారు. శబ్దం తగ్గినది, మేము సంతోషించినాము. నెల తిరుగకముందే గడియారం వెనుకబడసాగినది, ఆపై రాత్రిపూట ఆగిపోసాగినది.

చివరకు ఒక వృద్ధ గడియారపు పనివాని వద్దకు వెళ్ళినాము. ఈ వృత్తి చేయువారిని ఉర్దూలో 'ఘడీసాజ్' అంటారు. ఆయన మూత తెరచి, భూతద్దం మా చేతికిచ్చి, మూత లోపలి భాగం చూడుమన్నారు. అక్కడ విల్లు ఆకారంలో తళతళలాడే గీత ఉన్నది. రోటరు మధ్యనున్న స్క్రూ వదులై, రోటరు ఒక ప్రక్కకు వాలి మూతను గీస్తున్నది. గీచుకొని రాలిన లోహపు పొడి ఆ నూనెలో కలిసి, చక్రాల మధ్యకు పాకి చిక్కని బురద అయినది.

"స్క్రూ బిగించవలసిన చోట నూనె పోసినారు, సాబ్" అని మాత్రం ఆయన అన్నారు.

పిమ్మట ఆయన చేసిన పని క్రమం చెప్పదగినది. ముందు రోటరును విప్పి, బేరింగును వేరుగా కడిగి ఆరబెట్టినారు. యంత్రాన్నంతటినీ విడదీసి శుభ్రపరచినారు. రోటరును మరల అమర్చి దాని అంచును చిమటాతో మెల్లగా పైకెత్తి చూచినారు. అక్కడ స్వల్పమైన కదలిక ఉండవలెను. బొత్తిగా లేకుంటే రోటరు బిగుసుకుపోతుంది, ఎక్కువైతే బేరింగు అరిగినదని అర్థం. అరిగిన బేరింగును మార్చుటయే మార్గం. నూనె విషయంలో తయారీదారు సూచనయే ప్రమాణం: కొన్ని బేరింగులకు సూదిమొన పాటి పలుచని నూనె చాలును, సెరామిక్ గుండ్లు గలవానికి అదియూ అక్కరలేదు. చివరగా యంత్రాన్ని డబ్బీలో పట్టి ఉంచే బిగింపులను సరిచూచి, మూతకు కొత్త రబ్బరు గాస్కెటు వేసినారు. మూత ఒకసారి తెరచిన పిమ్మట నీటి పరీక్ష జరుగక ఆ గడియారాన్ని తడుపరాదని కూడ హెచ్చరించినారు.

గడియారం ఇంటికి వచ్చినాక చెవి వద్ద పెట్టుకొంటే సన్నని జుర్రు ధ్వని ఇంకను ఉన్నది. మేము మరల వెళ్ళి అడుగగా, అది దాని స్వభావమనియు, దానిని కూడ మాన్పబోతే యంత్రం పాడగుననియు వివరించినారు. నాటినుండి ఆ ధ్వని మమ్ము బాధింపలేదు.

ఇందులో ఇంకొక సంగతి కలదు. మన ఇండ్లలో పాత ఆటోమేటిక్ గడియారాలు ఇంకను ఉన్నవి. 1961లో జపాను సిటిజన్ సంస్థ సహకారంతో బెంగుళూరులో గడియారాల తయారీ ప్రారంభించిన హెచ్.ఎం.టి. వారి గడియారాల సంస్థ మూసివేతకు 2016లో ప్రభుత్వం ఆమోదం తెలిపినది. అట్టి పాత గడియారాలకు విడిభాగాలు సులభంగా దొరకవు. ఒక వదులు స్క్రూను సకాలంలో బిగించుకొన్నచో మిగిలే బేరింగు, నిర్లక్ష్యం చేసినచో మరల లభించకపోవచ్చును.

విడిభాగాల వలెనే ఈ విద్య కూడ అరుదగుచున్నది. మా గడియారాన్ని బాగుచేసిన పెద్దాయన వద్ద నేర్చుకొనే శిష్యుడెవడూ లేడు. మన కళాశాలలో బేరింగులను, ఘర్షణను, కంపనాలను నల్లబల్లపై బోధిస్తున్నాము. సంవత్సరానికి రెండు మూడు దినములైనను ఇట్టి పనిమంతుని ప్రయోగశాలకు ఆహ్వానించి, విద్యార్థుల ఎదుట ఒక గడియారాన్ని విప్పించి చూపినచో ఆ పాఠం వారికి చిరకాలం గుర్తుండగలదు. కళాశాల కమిటీవారు ఈ విన్నపాన్ని ఆలోచింపవలెనని కోరుచున్నాము.