మానిటర్ పోయినా కంప్యూటర్ పోలేదు

చాలా బడుల్లో కంప్యూటర్ గది మూలన గోడకు ఆనించిన సీపీయూ ఒకటి ఉంటుంది. ఎప్పుడో దాని మానిటర్ చెడిపోయింది. బాగుచేయించడానికి అయ్యే ఖర్చు చూసి వెనక్కి తగ్గారు. కొత్తది కొందామంటే నిధులు లేవు. స్టాక్ రిజిస్టర్‌లో 'పనిచేయడం లేదు' అన్న మాట పడిపోయింది. నిజానికి చెడిపోయింది తెర ఒక్కటే. లోపలి ప్రాసెసర్, హార్డ్‌డిస్క్, నెట్‌వర్క్ వైరు పెట్టే పోర్టు అన్నీ బాగానే ఉండి ఉండవచ్చు.

తెర లేని కంప్యూటర్ ఏం పనికొస్తుందని అడగవచ్చు. పదో తరగతి ఫలితాలు ఫోన్‌లో చూసుకున్న రోజును గుర్తు చేసుకోండి. ఆ మార్కులు పంపిన కంప్యూటర్ ఎక్కడో పెద్ద హాల్లో, బీరువా లాంటి చట్రంలో తోటి యంత్రాల మధ్య ఉంటుంది. దానికి మానిటర్ ఉండదు, కీబోర్డు ఉండదు. చూసుకునేవాళ్లు మరోచోట కూర్చుని తమ తెర మీద నుంచే దాన్ని నడిపిస్తారు. ఇంట్లో వైఫై రౌటర్ కూడా అలాంటి చిన్న కంప్యూటరే. ఈ రంగంలో వాళ్లు వీటిని 'హెడ్‌లెస్' అంటారు, అంటే తల లేనివి. బడి మూలన ఉన్న సీపీయూను కూడా ఇలాగే మళ్లీ పనిలో పెట్టవచ్చు.

మన బడులకు దీనితో ప్రత్యేకమైన అవసరం ఒకటుంది. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా, సోలాపూర్‌లోనైనా పిల్లల చేతికి ఇవ్వదగ్గ తెలుగు పుస్తకం బజారులో దొరకడం అంత తేలిక కాదు. ఒక పెట్టెలో తెలుగు విజ్ఞాన సర్వస్వం, బొమ్మల కథలు, పాత ప్రశ్నపత్రాలు దాచి, ఇంటర్నెట్ లేకపోయినా తరగతిలోని ట్యాబ్‌లకు, ఫోన్లకు అందించగలిగితే అదే బడి గ్రంథాలయం అవుతుంది. ఆ పనికి మానిటర్ అక్కర్లేదు.

లోపలికి వెళ్లే మూడు దారులు

తెర లేని కంప్యూటర్‌ను మరో కంప్యూటర్ నుంచి నడిపించడానికి ప్రధానంగా మూడు పద్ధతులున్నాయి. వీటి మధ్య తేడా తెలియకపోవడం వల్లే చాలామంది నల్లటి తెర చూసి, ఇది కుదరదని వదిలేస్తుంటారు.

మొదటిది ఎస్‌ఎస్‌హెచ్. ఇందులో బొమ్మలుండవు, అక్షరాలే. మీరు ఆదేశం టైపు చేస్తే అవతలి కంప్యూటర్ జవాబిస్తుంది. 1995లో ఫిన్లండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో టాటూ యులోనెన్ దీన్ని తయారుచేశారు. అక్కడి నెట్‌వర్క్‌లో దొంగచాటుగా పాస్‌వర్డులు పట్టుకున్న ఘటన జరిగాక, దారి పొడవునా మాటలు ఎవరికీ అర్థం కాకుండా పంపాలన్న ఆలోచనతో ఇది పుట్టింది. లినక్స్ ఉన్న కంప్యూటర్‌కు ఇదే రాజమార్గం. తెరతో దీనికి సంబంధమే లేదు కాబట్టి మానిటర్ ఉన్నా లేకున్నా ఒకేలా పనిచేస్తుంది. నేటి విండోస్‌లో ఎస్‌ఎస్‌హెచ్ ఆదేశం ముందే ఉంటుంది. ఫోన్లకూ యాప్‌లున్నాయి.

రెండోది విండోస్‌లోని రిమోట్ డెస్క్‌టాప్. మీరు లోపలికి వెళ్లగానే ఇది మీ కోసం ఊహా తెర ఒకటి సృష్టిస్తుంది. అసలు తెర లేకపోయినా మీ ముందు డెస్క్‌టాప్ నిండుగా కనిపిస్తుంది. రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. విండోస్ హోమ్ రకానికి బయటివాళ్లను ఇలా లోపలికి రానిచ్చే సౌకర్యం లేదు, ప్రో రకం కావాలి. పాస్‌వర్డ్ పెట్టని ఖాతాతో లోపలికి వెళ్లనివ్వదు.

మూడోది ఉన్న తెరను ఉన్నట్టుగా దూరానికి చూపించే పద్ధతి. వీఎన్‌సీలో ఒక రకం, దూరం నుంచి సాయం చేసే చాలా యాప్‌లు ఈ కోవలోకే వస్తాయి. చిక్కు ఇక్కడే. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు 'నీ కొలతలేమిటి, నువ్వు చూపగల రంగులేమిటి' అని మానిటర్‌ను అడుగుతుంది. మానిటర్‌లోని చిన్న చిప్ జవాబిస్తుంది. మానిటరే లేకపోతే జవాబు రాదు. అప్పుడు గ్రాఫిక్స్ భాగం తెర గీయడమే మానేయవచ్చు, లేదా చాలా చిన్న కొలతలో గీసి ఊరుకోవచ్చు. గీయని తెరను దూరానికి చూపించేదెలా? అందుకే నల్లగా కనిపిస్తుంది.

దీనికి చవకైన విరుగుడు డమ్మీ ప్లగ్. వేలెడంత ఉండే ఈ ముక్కను మానిటర్ వైరు పెట్టే చోట గుచ్చితే 'నేను మానిటర్‌ని, నా కొలతలివి' అని జవాబిస్తుంది. కంప్యూటర్ నమ్మి తెర గీస్తుంది. కొనేముందు మీ సీపీయూకు ఉన్నది హెచ్‌డీఎంఐ పోర్టా, పాత వీజీఏ పోర్టా చూసుకోండి. లినక్స్‌లోనైతే ఇది కూడా అక్కర్లేదు. వీఎన్‌సీలోనే ఊహా తెరతో నడిచే రకం ఉంది.

మానిటర్ తీసేసే ముందు

ఈ పని మొదలుపెట్టడానికి ఒక్క పూట మరో కంప్యూటర్ మానిటర్, కీబోర్డు అరువు తీసుకోవాలి. వాటిని తీసేశాక లోపల ఏం జరుగుతోందో కళ్లకు కనిపించదు కాబట్టి అన్నీ ముందే సర్దాలి.

మదర్‌బోర్డు మీద నాణెం లాంటి బ్యాటరీ ఉంటుంది. ఏళ్ల తరబడి పక్కన పడేసిన సీపీయూలో అది అయిపోయి ఉంటుంది. అలాంటి కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు 'ఎఫ్1 నొక్కండి' అని ఆగిపోతుంది. తెర లేకపోతే ఆ మాట మీకు కనిపించదు, యంత్రం అలాగే ఎదురుచూస్తూ కూర్చుంటుంది. కాబట్టి ముందు ఆ బ్యాటరీ మార్చండి.

తర్వాత బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లండి. కీబోర్డు లేకపోయినా ఆగవద్దని, కరెంటు పోయి వచ్చాక తనంతట తానే మొదలవ్వాలని అక్కడ చెప్పవచ్చు. మన ఊళ్లలో కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి రెండోది తప్పనిసరి. నిద్రలోకి జారుకునే సెట్టింగును ఆపేయండి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు పాత యంత్రాలు చాలావరకు సరిపోవు. అందువల్ల ఇలాంటి సీపీయూలో డెబియన్, ఉబుంటు వంటి ఉచిత లినక్స్ వేయడం మేలు. వేసేటప్పుడే ఎస్‌ఎస్‌హెచ్ పెట్టమని ఎంచుకోండి.

కంప్యూటర్‌ను రౌటర్‌కు వైరుతో కలపండి. వైఫై పాస్‌వర్డ్ కొన్నిసార్లు ఎవరో ఒకరు తెర ముందు లాగిన్ అయ్యాకే పనిచేస్తుంది, వైరుకు ఆ బాధ లేదు. రౌటర్ సెట్టింగుల్లో ఈ కంప్యూటర్‌కు ఎప్పుడూ ఒకే నంబరు ఇచ్చేలా చూడండి. లేకపోతే రోజుకో చిరునామా మారి, ఇల్లు తెలియని చుట్టంలా వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇక పరీక్ష. మానిటర్, కీబోర్డు, మౌస్ తీసేయండి. ప్లగ్ పీకి మళ్లీ పెట్టండి. ఐదు నిమిషాలాగి మరో కంప్యూటర్ నుంచి లోపలికి వెళ్లి చూడండి. వెళ్లగలిగితే అరువు తెచ్చిన మానిటర్‌ను తిరిగి ఇచ్చేయవచ్చు. ఆ తర్వాత మాత్రం ఎప్పుడూ ప్లగ్ పీకి ఆపకూడదు. దూరం నుంచే ఆపమని ఆదేశమివ్వాలి, లేకపోతే హార్డ్‌డిస్క్‌లోని ఫైళ్లు పాడవుతాయి.

కరెంటు ఖర్చు కూడా లెక్కేసుకోవాలి. పాత సీపీయూ 80 వాట్లు తీసుకుంటుందనుకుందాం. రోజుకు 6 గంటల చొప్పున నెలకు 25 రోజులు నడిపితే 12 యూనిట్లు అవుతుంది. ఇంకా తగ్గించాలంటే రాస్‌ప్బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ ఉంది. 2012లో బ్రిటన్‌లో బడిపిల్లలను దృష్టిలో పెట్టుకుని తెచ్చిన ఈ బోర్డుకు పది వాట్లలోపే చాలు. దాని మెమరీ కార్డు తయారుచేసేటప్పుడే పేరు, పాస్‌వర్డ్, ఎస్‌ఎస్‌హెచ్ అన్నీ నింపేయవచ్చు కాబట్టి మొదటి రోజు కూడా మానిటర్ అవసరం పడదు.

ఆ పెట్టెలో ఏం పెట్టాలి

కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టండి. ఇంటర్నెట్ ఉన్నచోట ఒక్కసారి తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒకే ఫైలుగా దించుకుని ఈ కంప్యూటర్‌లో పెడితే, తరగతిలోని ట్యాబ్ బ్రౌజర్‌లో మన కంప్యూటర్ నంబరు కొట్టగానే తెరుచుకుంటుంది. బొమ్మల కథలకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ ఉంది. 2015లో మొదలైన ఈ వేదికలో తెలుగు కథలున్నాయి. దించుకుని పంచుకోవడానికి వాటి లైసెన్సు అనుమతిస్తుంది. మీ రాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు ఇస్తుంటే అవీ చేర్చండి.

బడిలో పాత ప్రశ్నపత్రాలుంటే ఒక జాగ్రత్త. అను ఫాంట్లతో టైపు చేసినవి ఆ ఫాంట్లు లేని ఫోన్‌లో తెరిస్తే తెలుగుకు బదులు అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. ఆ ఫాంట్లున్న కంప్యూటర్‌లోనే వాటిని పీడీఎఫ్‌గా మార్చి తెచ్చుకోండి. ఇకపై టైపు చేసేవి యూనికోడ్‌లో చేయండి. ఎస్‌ఎస్‌హెచ్ కిటికీలో తెలుగు ఫైళ్ల పేర్లు వత్తులు, గుణింతాలు విడిపోయి కనిపిస్తే కంగారు పడకండి. అది ఆ కిటికీ లోపమే, బ్రౌజర్‌లో చక్కగా ఉంటాయి.

ఇంటర్నెట్ లేని వైఫై అనగానే కొన్ని ఫోన్లు దాన్ని వదిలేసి మొబైల్ డేటాకు మారిపోతాయి. ఆ కాసేపు డేటా ఆపేయమనండి. మామూలు రౌటర్ మీద తరగతి మొత్తం ఒకేసారి పడితే నెమ్మదిస్తుంది, పిల్లలను జట్లుగా విడదీయండి.

ఊరు దాటి వచ్చే సాయం

ఇప్పటిదాకా చెప్పిందంతా బడి ఆవరణలోని సంగతి. తెర లేని కంప్యూటర్‌ను ఊరవతలి నుంచి కూడా నడపవచ్చు. యానాం బడికి రాజధాని పుదుచ్చేరి 800 కిలోమీటర్లకు పైగా దూరం. కంప్యూటర్ తెలిసిన మనిషి ప్రతిసారీ వచ్చి చూడాలంటే కుదిరే పని కాదు. మీ బడిలో చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్న పూర్వ విద్యార్థి ఉంటే, ఆదివారం అరగంట తన ఇంట్లోంచే ఈ పెట్టెను చూసుకోగలడు. కొత్త కథలు ఎక్కిస్తాడు, సాఫ్ట్‌వేర్ తాజా చేస్తాడు.

అందుకు రౌటర్‌లో తలుపు తెరిచి లోపలి కంప్యూటర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు చూపించే పద్ధతి వద్దు. ముఖ్యంగా విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌ను అలా వదలకూడదు. ఇంటర్నెట్‌లో రాత్రింబవళ్లు తలుపులు తట్టి చూసే ప్రోగ్రాములు తిరుగుతుంటాయి. దానికి బదులు వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ పెడితే, తాళంచెవి ఉన్న కంప్యూటర్‌కు తప్ప మరొకరికి ఆ దారే కనిపించదు.

తాళం వేయని ఇల్లు

తెర లేని కంప్యూటర్‌కు ఉన్న పెద్ద ప్రమాదం కూడా తెర లేకపోవడమే. ఎవరైనా చొరబడినా ఎదురుగా ఏమీ కనిపించదు. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము ఇలాగే ప్రపంచవ్యాప్తంగా కెమెరాలు, రికార్డింగు పెట్టెలు, రౌటర్లలోకి దూరింది. అది వాడిన ఆయుధం ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డుల చిట్టా, అరవై చిల్లర మాటలు. కొన్నవాళ్లు వాటిని మార్చలేదు. ఆ ఏడాది అక్టోబరు 21న అలాంటి యంత్రాలను డైన్ అనే సంస్థ మీదికి ఉసిగొల్పడంతో అమెరికాలో పేరున్న వెబ్‌సైట్లు గంటల తరబడి అందకుండా పోయాయి. మీ బడి కెమెరాల పెట్టెకు పాస్‌వర్డ్ మార్చారో లేదో కూడా ఈ వారమే చూడండి.

తల్లిదండ్రులకు ఇంకో మాట. దూరం నుంచి తెర చూపించే సాధనమే మోసగాళ్లకూ సాధనం. 'బ్యాంకు నుంచి' అంటూ ఫోన్ చేసి, ఒక యాప్ వేసుకుని అందులో కనిపించే అంకెలు చెప్పమంటారు. చెప్పిన క్షణం నుంచి మీ ఫోన్ వాళ్ల చేతిలో ఉంటుంది. ఇలాంటి మోసాలపై రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. సాయం కోసం మీరే పిలిచిన, మీకు ముఖపరిచయం ఉన్న మనిషికి తప్ప ఆ అంకెలు ఎవరికీ చెప్పకండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.

బడి కంప్యూటర్‌లో పుస్తకాలే ఉండాలి. పిల్లల ఆధార్ వివరాలు, మార్కుల జాబితాలు, ఫోటోలు అందులో పెట్టవద్దు. పుస్తకాల ఫైళ్లన్నీ మరో హార్డ్‌డిస్క్‌లో కాపీ చేసి ఉంచండి, పాత డిస్క్ ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం.

చివరిగా, ఇలాంటి ఏర్పాట్లు ఎక్కువగా ఆగిపోయేది యంత్రం చెడి కాదు, తెలిసిన ఒక్క టీచరు బదిలీ అయిపోయి. కంప్యూటర్ నంబరు, ఖాతా పేరు, పాస్‌వర్డ్, ఆపే విధానం, మళ్లీ మొదలుపెట్టే విధానం ఒక కాగితం మీద తెలుగులో రాయండి. కవర్లో పెట్టి అంటించి ప్రధానోపాధ్యాయుల బీరువాలో ఉంచండి. ఇద్దరు టీచర్లకు దగ్గరుండి నేర్పించండి. వాళ్లలో ఒకరు వెళ్లిపోతున్నప్పుడు మూడో మనిషికి నేర్పించి, పాస్‌వర్డ్ మార్చి, కవర్లోని కాగితం కూడా మార్చండి.