వానపాముకూ ఉంది చేపు



దూడ మూతి తగలగానే గేదె చేపుతుంది గదా! మెదడు అడుగునున్న గ్రంథినుండి ఆక్సిటోసిన్ నెత్తుటిలో కలిసి పొదుగు చేరుతుంది. అక్కడి కండర కణాలు బిగుసుకుని పాలు దిగుతాయి. దీనికి చుట్టమైన పదార్థం వానపాములోనూ ఉంది. వర్మీకంపోస్టుకు పెంచే ఐసీనియా ఫెటిడా జాతి ఎర్రలనుండే జపాను శాస్త్రజ్ఞులు 1994లో దాన్ని వేరుచేశారు. పేరు ఆనెటోసిన్. రెండూ తొమ్మిదేసి అమైనో ఆమ్లాల గొలుసులే. ఇటువంటి పొట్టి గొలుసులను పెప్టైడులంటారు.

దీన్ని సూదితో ఎక్కిస్తే ఎర్ర గుడ్లు పెట్టేటప్పటి చేష్టలన్నీ చేస్తుంది. మెలికలు తిరుగుతుంది, జిగురు విడుస్తుంది. పేగు కండరాలు కూడా జోరుగా ముడుచుకుంటాయి.

మరి ఒళ్లంతా ఒక్కసారే ఎందుకు బిగుసుకోదు? మా మాటలు ఊరంతా ప్రసారమవుతాయి, ఈ స్టేషనుకు తిప్పిన రేడియోయే పలుకుతుంది. అలాగే గ్రాహకమనే మాంసకృత్తు ఉన్న కణానికే పెప్టైడు కబురు అందుతుంది. ఎర్ర ముందుభాగాన ఉబ్బెత్తు పట్టీ చూసే ఉంటారు. గుడ్ల తిత్తి తయారయ్యేది అక్కడే. ఆ పట్టీ ప్రాంతపు విసర్జక నాళాలలో ఈ గ్రాహకం ఉన్నట్లు 2004లో వెల్లడించారు.

"అయితే గేదె సూదిమందు తొట్టిలో చల్లితే గుడ్లు పెరుగుతాయా?" అని ఒక రైతు అడిగారు. వద్దండీ! కండరం బిగిస్తే తయారైన గుడ్డు కదులుతుందేమో గాని, లేని గుడ్డు పుట్టదు. మాగిన పేడ, తేమ, నీడ చూసుకోండి. తర్వాత గుప్పెడు ఎరువు అరచేతిలో పరచి చూడండి. నిమ్మపండు ఆకారంలో చిన్న చిన్న పసుపు తిత్తులు కనిపిస్తే అవే గుడ్లు.